నలభయ్యోనాటి తిట్లు

సేగు ఊళ్ళో చేకురా జారాని తిట్టే హక్కు చాలామందికి ఉంది. ట్రవోరే అని ఇంటిపేరున్న ప్రతి మనిషికీ ఉంది. జారాలకీ ట్రవోరేలకీ ముత్తాతల నాటినుంచీ ఎకసెక్కాల వరస. జారా ఎదురుపడితే ట్రవోరే ‘ఒరే బొబ్బర్ల మేతా’ అనాలి, ‘మా ఇంటి పాలేరువి, ఇంత పొద్దెక్కి వస్తావా’ అనాలి. జారా అంతకు రెండింతలు తిరిగి అనాలి. కోపం తెచ్చుకున్నవాడు ఓడినట్టు. పెళ్ళయినా చావయినా, ఎదుటివాడు మంత్రయినా ఇమామయినా, ఈ వరసకు అడ్డు లేదు.

ఇన్ని తరాల్లో దీన్నుంచి తప్పించుకున్న జారా ఒక్క చేకురానే. తప్పించుకోవాలని అతనేమీ కోరుకోలేదు. ఊరే తప్పించింది. ఎందుకంటే అతను దేశపు ఫుట్‌బాల్ జట్టులో మిడ్‌ఫీల్డరు, పరదేశంలో పెద్ద క్లబ్బుకి ఆడతాడు, బంతి అతని కాలికి అంటుకుంటే అవతలివాళ్ళు ముగ్గురొచ్చి పీకినా ఊడిరాదు.

అతని బొమ్మ వెనక అద్దం మీద లేని మినీబస్సు సేగు బస్టాండులో నిండదు. ఫోటో స్టూడియోలో ఊరికే కుర్చీలో కూర్చుంటే చాలు, చేకురా మన భుజం మీద చెయ్యేసి నిలబడ్డ ఫోటో సాయంత్రానికి చేతికొస్తుంది. సగం ఇళ్ళ గోడల మీద అదే చొక్కా, అదే నవ్వు, అదే చెయ్యి. ఒకాయన తన పొట్టేలుతో సహా తీయించుకున్నాడు. చెయ్యి సరిగ్గా పొట్టేలు వీపు మీద పడింది. చేకురా చెయ్యేసిన పొట్టేలుని ఎలా కోస్తామని ఆ ఏడు బక్రీదుకి ఇంట్లోవాళ్ళు వేరే దాన్ని కొన్నారు. మొదటి పొట్టేలు ఇప్పటికీ వీధిలో తిరుగుతూ ఎవరి గుమ్మం ముందు ఆరేసిన జొన్నలు కనబడితే వాళ్ళవి తింటోంది. ఎవరూ కర్ర ఎత్తరు.

ఇలాంటి ఊళ్ళో మోటారుసైకిళ్ళు బాగుచేసే కరీబా ట్రవోరేకి పెద్ద చిక్కొచ్చింది.

కరీబాకి అరవై మూడేళ్ళు. బజారు దారిలో అతని రేకుల షెడ్డు. షెడ్డు ముందు ఒక బల్ల, బల్ల పక్కన బొగ్గుల కుంపటి, కుంపటి మీద టీ. ఆ బల్ల మీద ముప్ఫయ్యేడేళ్ళపాటు రోజూ పొద్దున్నే వచ్చి కూర్చున్నవాడు సిరిమాన్ జారా. మట్టి గోడలు కట్టి, మెత్తే మేస్త్రీ. చేకురాకి తండ్రి. మూడు విడతల టీ అయ్యేదాకా ఇద్దరూ ఒకర్నొకరు తిట్టుకుని, మరో మాట లేకుండా ఎవరి పనికి వాళ్ళు వెళ్ళేవాళ్ళు. వాళ్ళిద్దరూ మర్యాదగా మాట్లాడుకోగా విన్నవాళ్ళు లేరు.

చేకురా మొదటిసారి దేశపు జట్టుకి ఎంపికైన రోజు ఊరంతా సిరిమాన్ చేతులు పట్టుకుని ఊపింది. కరీబా మాత్రం కుంపటి విసురుతూ, “మీ వంశానికి పరుగు కొత్తా ఏంటి? బొబ్బర్లు తిన్నాక మీలో పరుగెత్తనివాడెవడు?” అన్నాడు. సిరిమాన్ గ్లాసు కింద పెట్టి, “మా వాడు ఆడుతున్నాడు కాబట్టి సరిపోయింది. ట్రవోరేగాడైతే ఒక్క తన్నుకి బంతి నది దాటి అవతలి ఒడ్డున పడేది. తేవడానికి పడవ కావాల్సొచ్చేది,” అన్నాడు. ఆ రోజు ఇద్దరూ నాలుగో విడత టీ కూడా తాగారు.

అలాంటి సిరిమాన్ చలికాలం చివర్లో, దుమ్ముగాలి వీస్తున్న ఒక పొద్దున, నిద్రలోంచి లేవలేదు.

జారాల ఇంట్లో చావైతే ట్రవోరేకి ఒక పని ఉంటుంది. శవాన్ని మోసే జనాజా గుమ్మం దాటే వేళకి అడ్డం పడుకోవాలి. “వీడు చావలేదు, నటిస్తున్నాడు, పని ఎగ్గొట్టడానికి ఇదొక ఎత్తు,” అని గోల చెయ్యాలి. పోయినవాడి నడక నడిచి, గొంతు పెట్టి మాట్లాడి, ఏడ్చేవాళ్ళని నవ్వించాలి. చివరికి ఇంటివాళ్ళు లాంఛనంగా కోలా గింజలు చేతిలో పెడితే అప్పుడు లేచి దారివ్వాలి. ఆ నవ్వు వినకుండా మనిషిని సాగనంపడం సేగులో లేదు.

ఆ రోజు మోసేవాళ్ళు గుమ్మం దగ్గరికొచ్చి అడుగు నెమ్మదించారు. కరీబా అక్కడే నిలబడి ఉన్నాడు. వాళ్ళు ఆగారు. జనాజాని కింద పెట్టి, భుజాలు సవరించుకుని, అతని వైపు చూశారు. కరీబాకి నోరు పెగల్లేదు. మర్యాదకి ఎంతసేపు ఆగొచ్చో అంతసేపూ ఆగి, వాళ్ళు మళ్ళీ ఎత్తుకున్నారు. తలుపు చాటునుంచి సిరిమాన్ భార్య న్యేలే ఇదంతా చూసింది.

చేకురా ఆ రోజుకి అందలేదు. పోయినవాళ్ళని పొద్దుగూకకుండా మట్టి చేస్తారు, అతనున్నది సముద్రాలవతల. ఐదో రోజున ఖండం కప్పు సెమీఫైనలు. నాన్న పోయినా దేశం కోసం ఆడాడని రేడియోలో చెప్పి ఏడ్చారు. ఆట ఎటూ తేలక పెనాల్టీల దాకా వెళ్ళింది. చివరిది చేకురా కొట్టాడు. బంతి బారు మీదనుంచి పోయింది.

ఆ మర్నాటినుంచి సేగులో ‘పెనాల్టీ’ అనే మాట లేదు. ‘ఆ సంగతి’ అంటారు, అదీ గొంతు తగ్గించి. సికాసో నుంచి వచ్చిన లారీ డ్రైవరొకడు తెలీక బజారులో ఆ మాట అన్నాడు. సాయంత్రం దాకా అతనికి ఏ కొట్లోనూ టీ దొరకలేదు.

నలభయ్యో రోజు దువా ప్రార్థనకి చేకురా వస్తున్నాడని తెలిసింది. ఇంటివాళ్ళకంటే ముందు అభిమానుల సంఘానికి తెలిసింది. సంఘం అధ్యక్షుడు గవుసు సాకో ఫోన్ల కొట్టు నడుపుతాడు, శుక్రవారం నమాజుకి కూడా పొడవాటి బుబూ అంగీ మీద జెర్సీ వేసుకుని వెళ్తాడు. అతను షామియానాలు తెప్పించాడు, ఎనిమిది వందల కుర్చీలు తెప్పించాడు, గవర్నరుగారిని పిలిచాడు, టీవీవాళ్ళని పిలిచాడు. ఒక జాబితా రాశాడు. ముందురోజు పొద్దున ఆ జాబితా చంకలో పెట్టుకుని కరీబా షెడ్డుకొచ్చాడు. మంగలి బురామా అప్పుడే రెండో విడత టీ వంచుతున్నాడు.

“కరీబా తాతా, రేపటి సంగతి మాట్లాడదామని.”

“కూర్చో. బండికేమైంది?”

“బండికేం కాలేదు.”

“ఎప్పుడూ అదే అంటావు. తోసుకుంటూ వెళ్తావు.”

గవుసు కూర్చోలేదు. “మీ పేరు కూడా జాబితాలో ఉంది తాతా. నాలుగో వరసలో కుర్చీ. వచ్చి, దువా చేసి, భోంచేసి వెళ్ళండి. ఒక్కటే మాట. ఆ బొబ్బర్ల గొడవ మాత్రం రేపు వద్దు.”

“మరి ఏ గొడవ చెయ్యమంటావు?”

“ఏదీ వద్దు. టీవీలో దేశమంతా చూస్తుంది.”

“నేను ట్రవోరేని.”

“కాదని ఎవరన్నారు?”

“జారా ఇంట్లో ట్రవోరే చేతులు కట్టుకుని కూర్చుంటే దేశం ఏమనుకుంటుంది? సిరిమాన్‌కీ నాకూ పడదనుకుంటుంది.”

బురామా కిసుక్కున నవ్వి, గవుసు చూడగానే దగ్గుగా మార్చేశాడు.

“తాతా, చేకురా మనసు అసలే బాగాలేదు. నాన్న పోవడం ఒకటి. ఆపైన ఆ సంగతి.”

“ఏ సంగతి?”

“అదే. ఆ సంగతి.”

“పెనాల్టీయా?”

బురామా చేతిలో కెటిలు గాల్లోనే ఆగిపోయింది. గవుసు రోడ్డుకి అటూ ఇటూ చూశాడు.

“బారు మీదనుంచి పోయింది, అదే కదా?” అన్నాడు కరీబా, స్పానరు గుడ్డతో తుడుచుకుంటూ. “ఎంత ఎత్తున పోయిందంటావు? రెండు మూరలా? నాకు ఈ మధ్య చూపు ఆనట్లేదు.”

గవుసు జాబితా తెరిచాడు. జేబులోంచి పెన్ను తీశాడు. నాలుగో వరసలో ఒక పేరు మీద గీత గీసి, నిదానంగా మడిచి పెట్టుకున్నాడు. “మీరు పెద్దవారు. ఇంతకుమించి ఏమీ అనలేను,” అని వెళ్ళిపోయాడు.

బురామా గ్లాసు అందించాడు. “ఒక్కపూట నోరు కట్టుకుంటే ఏం పోయేది?”

కరీబా గ్లాసు అందుకున్నాడు. ఒక్కపూట నోరు కట్టుకుంటే ఏమవుతుందో ఆ ఊళ్ళో అతని కంటే బాగా తెలిసినవాడు లేడు. పోయినవాడు నలభై రోజులు ఇంటి చుట్టుపక్కలే తిరుగుతాడనీ, ఆ రోజు దువా అయ్యాక వెళ్ళిపోతాడనీ సేగులో అందరూ నమ్ముతారు. రేపటి మధ్యాహ్నం దాటితే సిరిమాన్ ఇక ఏ తిట్టుకీ అందడు. ముప్ఫయ్యేడేళ్ళ స్నేహితుడు తన వల్ల, ఒక్క తిట్టు కూడా తినకుండా, ఎవరికీ కాని పరాయివాడిలా వెళ్ళిపోతాడు.

మధ్యాహ్నం షెడ్డు మూసి కరీబా సిరిమాన్ ఇంటి వెనక సందుకి వెళ్ళాడు. ముందువైపు షామియానా గుంజలు పాతుతున్నారు. వెనక గోడ మనిషి ఎత్తు కూడా లేదు. న్యేలే విధవ దినాల్లో ఉంది, ఇల్లు దాటి రాకూడదు. పెరట్లో నీడపట్టున పీట వేసుకుని బియ్యంలో రాళ్ళేరుతోంది.

“వదినా, నన్ను జాబితాలోంచి కొట్టేశారు.”

“నా పేరుందో లేదో నాకే తెలీదు,” అంది ఆమె తలెత్తకుండా. “పొద్దున ఒకతనొచ్చి ఈ పెరట్లో టీవీ వాళ్ళ వైర్లు పెడతామన్నాడు. కోళ్ళున్నాయన్నాను. కోళ్ళని వేరేచోటికి మార్చమన్నాడు. చేకురా పేరు చెప్పి నా కోళ్ళని కూడా కదిలిస్తున్నారు.”

కరీబా గోడ మీద చేతులానించి నిలబడ్డాడు. మెత్తిన మట్టిలో సిరిమాన్ వేళ్ళ గీతలు వరసగా ఉన్నాయి.

“ఆ రోజు నువ్వేమీ అనలేదు,” అంది న్యేలే. గొంతులో నిష్ఠూరం లేదు. “ఆయన ఇంట్లోంచి అంత నిశ్శబ్దంగా బయటికెళ్ళడం అదే మొదటిసారి.”

“నోరు రాలేదు వదినా.”

“తెలుసు.”

ఆమె గుప్పెడు బియ్యం ఏరి పక్కన పోసింది. “వాడు రోజూ ఫోను చేస్తాడు. తిన్నావా అమ్మా అంటాడు, తిన్నానంటాను. నువ్వు తిన్నావా అంటాను, తిన్నానంటాడు. ఇద్దరివీ అబద్ధాలే. ఆ బంతి మాట వాడెత్తడు, నేనెత్తను. వాళ్ళ నాన్నుంటే మొదట అదే అడిగి ఉండేవాడు. ఇప్పుడు ఇంటికొచ్చేవాళ్ళంతా వాడి గురించి గాజు గిన్నె పట్టుకున్నట్టు మాట్లాడుతున్నారు. నా కొడుకు ఇంత బరువా అని నాకే భయమేస్తోంది.”

కరీబా ఆ వేళ్ళ గీతల్ని ఒకసారి తడిమాడు. తర్వాత, “వదినా, సిరిమాన్ పని బట్టలు ఇంకా ఉన్నాయా?” అని అడిగాడు.

న్యేలే అప్పుడు తలెత్తి చూసింది. లేచి లోపలికెళ్ళింది. కాసేపటికి గోడ మీదనుంచి ఒక మూట వచ్చి కరీబా గుండెలకి తగిలింది. ఎర్రమట్టి మరకల చొక్కా, మోకాళ్ళ దగ్గర అతుకులేసిన లాగు, అంచు విరిగిన గడ్డి టోపీ, తాపీ. ఏడేళ్ళ కిందట మసీదు గోడ మెత్తుతూ సిరిమాన్ పరంజా మీదనుంచి పడ్డాడు. అప్పట్నుంచీ ఎడమకాలు కుంటుతూనే పని చేశాడు. ఆ లాగు ఎడమ అంచు నేలకి రాసుకుని రాసుకుని చీలికలైపోయి ఉంది.

“ఉతకలేదు,” అంది న్యేలే గోడ అవతలనుంచి. “నువ్వూ ఉతక్కు.”

మర్నాడు పొద్దున పదిగంటలకే వీధి నిండిపోయింది. చేకురా జెర్సీ వేసుకున్నవాళ్ళు ఎందరంటే, తొమ్మిదో తరగతి పిల్లల నుంచి మసీదులో అజాన్ పలికే ముఅజ్జిన్ దాకా అందరి వీపు మీదా ఒకే అంకె. గుమ్మం దగ్గర బల్ల వేసుకుని గవుసు జాబితా చూస్తూ ఒక్కొక్కర్నీ లోపలికి పంపుతున్నాడు.

“పేరు?” అన్నాడు తలెత్తకుండా.

“సిరిమాన్ జారా.”

గవుసు పెన్ను జాబితా మీదుగా సగం దాకా దిగి ఆగింది. తలెత్తాడు. ఎదురుగా మట్టి మరకల చొక్కా, గడ్డి టోపీ, చేతిలో తాపీ.

“కింద వెతుకుతావేంటి? పైన చూడు,” అన్నాడు కరీబా. సిరిమాన్‌ది కొంచెం ముక్కుతో మాట్లాడే గొంతు. అది అచ్చంగా దిగింది. “పెద్ద అక్షరాల్లో రాశావు కదా. ‘సిరిమాన్ జారా గారి నలభయ్యో దినం.’ గవర్నరు కంటే పైన.”

“కరీబా తాతా, ఇది ఆటలాడే చోటు కాదు.”

“కరీబానా? ఆ బొబ్బర్ల మేతా? వాడి పేరు కొట్టేశావని విన్నాను. మంచి పని చేశావు నాయనా. వాడు నా నలభైకొస్తే పెద్దమనుషుల్లో నా పరువేం కావాలి? వాణ్ణి మాత్రం రానివ్వకు.” తాపీతో గవుసు భుజం తట్టాడు. “నన్ను రానివ్వు.”

వెనక వరసలో నిలబడ్డ ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. గవుసు ఏం చెయ్యాలో తెలీక ఇమాం గారి వైపు చూశాడు. ఆయన జపమాల తిప్పుతూ అక్కడే ఉన్నారు.

“అందరూ ఈయన కోసమే కదా వచ్చింది,” అన్నారు ఇమాం గారు మెల్లిగా. “దారివ్వు.”

లోపల షామియానా కింద, చాప మీద, గవర్నరుకీ పినతండ్రికీ మధ్య చేకురా కూర్చుని ఉన్నాడు. తెల్ల బుబూ వేసుకున్నాడు. ఒక్కొక్కరే వచ్చి వంగి అతని చెయ్యి రెండు చేతుల్తో పట్టుకుని, “నువ్వే మా గర్వం,” అని చెప్పి, వెళ్తూ వెళ్తూ ఫోను ఎత్తి ఫోటో తీసుకుంటున్నారు. అతను ప్రతిసారీ ఒకే నవ్వు నవ్వుతున్నాడు. దగ్గరగా చూస్తే ఆ నవ్వు కళ్ళ దాకా వెళ్ళట్లేదు.

కరీబా కుంటుకుంటూ కుర్చీల మధ్యనుంచి నడిచొచ్చాడు. ఎడమ అంచు నేలకి రాసుకుంటున్న చప్పుడు. మాటలు ఒక్కొక్క వరసగా ఆగిపోయాయి. చేకురా తలెత్తి చూశాడు. ఆ చొక్కా చూశాడు. చెయ్యి పట్టుకుని ఉన్న మనిషి చెయ్యి వదిలేశాడు.

“ఎవరీ జనమంతా?” అన్నాడు కరీబా నడుమ్మీద చెయ్యి పెట్టుకుని. “నా ఇంట్లో ఇన్ని కుర్చీలా? ఎవడు పోయాడు?”

ముందు వరసలో ఉన్న ఒక ముసలావిడకి ఏం చెయ్యాలో తెలుసు. వరస మర్చిపోనివాళ్ళు ఇంకా ఉన్నారు. “నువ్వే పోయావు సిరిమాన్,” అంది. “నలభై రోజులైంది.”

“ఎవరు చెప్పారు? ఆ ట్రవోరేగాడా? నేను పోలేదక్కా. దాక్కున్నాను.”

“దేనికి దాక్కున్నావు?”

కరీబా తాపీని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చాడు. ఇంకా వెనక్కి తగ్గొచ్చు. చేకురా అతని మొహంలోకే చూస్తున్నాడు. వెనక ఎక్కడో గవుసు గుండెలు పట్టుకుని నిలబడి ఉంటాడు.

“మా వాడు పెనాల్టీ కొట్టబోతున్నాడని నాకు ముందే తెలిసింది,” అన్నాడు. “ఆ తర్వాత కరీబాగాడికి మొహమెలా చూపించను? అందుకని ఐదు రోజులు ముందుగానే వెళ్ళి మట్టి కప్పుకున్నాను.”

షామియానా గుడ్డ గాలికి టపటపమంది. గవర్నరుగారు తన బూట్ల వైపు చూసుకున్నారు. కెమెరా పట్టుకున్నతను, తియ్యాలా ఆపాలా అన్నట్టు గవుసు వైపు తిరిగాడు. గవుసు కళ్ళు మూసుకుని ఉన్నాడు.

చేకురా తల వంచేశాడు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో కరీబాకి తెలీలేదు. అయినా మొదలెట్టినవాడు మధ్యలో ఆపితే అది నిజంగా తిట్టు అవుతుంది.

“ఈ కుంటికాలితో నేను తన్నినా లోపలికెళ్ళేది,” అన్నాడు.

చేకురా తలెత్తాడు. కళ్ళనిండా నీళ్ళున్నాయి. పెదవి ఒకవైపు వంకర తిరిగి ఉంది, సిరిమాన్ బదులు చెప్పబోయేముందు తిరిగినట్టే.

“గోల్‌పోస్టు పాతింది ఎవడో ట్రవోరే మేస్త్రీ అంట నాన్నా,” అన్నాడు. “రెండు మూరలు కిందికి పాతాడు. నేను సరిగ్గానే కొట్టాను.”

మొదట ఆ ముసలావిడ నవ్వింది. తర్వాత ఇమాం గారు. ఆ తర్వాత ఎవరు ముందో ఎవరు వెనకో తెలీలేదు. నలభై రోజులుగా ఆ ఊరు లోపల దాచుకున్నదంతా ఒక్కసారిగా బయటపడింది. ఎవరో, “పెనాల్టీ,” అని పైకే అన్నారు. ఇంకెవరో, “అవును, పెనాల్టీ,” అన్నారు, ఎన్నాళ్ళకో ఉప్పు నాలిక్కి తగిలినట్టు.

“అది సరే,” అన్నాడు చేకురా చాప మీదనుంచి లేస్తూ, “మా నాన్న చొక్కా ఎక్కడ కొట్టేశావు, బొబ్బర్ల మేతా?”

“చచ్చినవాణ్ణి పట్టుకుని దొంగంటావా? పాలేరు బుద్ధి ఎక్కడికి పోతుంది?”

ఇంటి లోపలనుంచి న్యేలే గొంతు వినబడింది. తలుపు వారగా వేసుంది, మనిషి కనబడలేదు. “నడక తప్పు,” అంది. “ఆయనకి అడుగడుక్కీ ఎడమ భుజం వాలుతుంది. నువ్వు ఊరికే కాలు ఈడుస్తున్నావు.”

“నేను చూపిస్తానమ్మా,” అన్నాడు చేకురా. బుబూ అంచు ఎత్తిపట్టుకుని, భుజం వాల్చి, చాపనుంచి గుమ్మందాకా కుంటుకుంటూ నడిచాడు.

“నీదీ తప్పే. మరీ తొందర. ఆయనెప్పుడైనా ఎక్కడికైనా అంత తొందరగా వెళ్ళాడా?”

ఇద్దరూ కలిసి మళ్ళీ నడిచారు, ముసలాయన ముందు, ఆటగాడు వెనక. లోపల్నుంచి ఆమె నవ్వుతూనే తప్పులు చెబుతోంది. మూడోసారి తిరిగొచ్చినప్పుడు ఆమె ఏమీ అనలేదు. నవ్వు కూడా వినబడలేదు. చేకురా కాసేపు ఆ తలుపు దగ్గర నిలబడి, తోసుకుని లోపలికెళ్ళాడు. గవర్నరుగారి కార్యదర్శి గడియారం చూసుకున్నాడు. గవర్నరుగారు అతని మోచెయ్యి పట్టుకుని కిందికి దించారు.

చేకురా తిరిగొచ్చేసరికి కరీబా గుమ్మానికి అడ్డంగా వెల్లకిలా పడుకుని ఉన్నాడు, టోపీ మొహం మీద పెట్టుకుని.

“లే తాతా. దువా మొదలెట్టాలి.”

“లేవను. నేను శవాన్ని.”

చేకురా పది కోలా గింజలు తెప్పించి అతని అరచేతిలో పెట్టాడు. కరీబా టోపీ కొంచెం ఎత్తి లెక్కపెట్టి, రెండు పుచ్చువని తిరిగిచ్చాడు. వాటికి బదులు నాలుగు తీసుకున్నాక లేచాడు. అప్పుడు సిరిమాన్ గొంతు వదిలేసి, తన గొంతుతో, జనమంతా లోపలికొచ్చేశాక ఖాళీ అయిన వీధి వైపు చూస్తూ, “పోరా ఇక, పని దొంగా. ఎంతసేపని నిలబడతావు?” అన్నాడు.

దువా చదువుతున్నంతసేపూ అతను వెనక వరసలో, నేల మీద, టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. తడిసిన అతని మొహం చూసినవాళ్ళు వెంటనే చూపు తిప్పుకున్నారు.

ఆ నడక టీవీలో ఒక నిమిషం కూడా రాలేదు. కానీ రెండు వారాల తర్వాత చేకురా తన క్లబ్బు తరఫున గోల్ కొట్టాడు. తోటి ఆటగాళ్ళు మీద పడబోతే తప్పించుకుని, ఎడమ భుజం వాల్చి, మైదానం మూలదాకా కుంటుకుంటూ నడిచాడు. ఏ తొందరా లేకుండా నడిచాడు. ఆ దేశంలో వ్యాఖ్యాత కాలు బెణికిందనుకుని కంగారుపడ్డాడు. సేగులో ఎవరికీ ఏ కంగారూ లేదు.

మర్నాటినుంచి ఊరంతా కుంటడం మొదలుపెట్టింది. బజారులో కుర్రాళ్ళు, రేవులో పడవవాళ్ళు, తలమీద నీళ్ళ బిందె చుక్క తొణక్కుండా కుంటే ఆడపిల్లలు. పెద్దబడి హెడ్మాస్టరు, కుంటుతూ వచ్చే ప్రతి విద్యార్థీ ఆసుపత్రి చీటీ తేవాలని నోటీసు పెట్టాడు. ఆ నోటీసు అంటించడానికి వచ్చిన బంట్రోతు కూడా భుజం వాల్చే వచ్చాడు.

మొదటిరోజు పొద్దున కరీబా కుంపటి రాజేసి తలెత్తేసరికి, బజారు దారి చివర, పొద్దుటి దుమ్ములో, భుజం వాల్చి కుంటుకుంటూ వస్తున్న మనిషి కనబడ్డాడు. కరీబా చెయ్యి తనకు తెలీకుండానే రెండో గ్లాసు తీసింది. దగ్గరికొచ్చాక చూస్తే ఇరవయ్యేళ్ళవాడు, చెవిలో పాటలు పెట్టుకుని. గ్లాసు మళ్ళీ బోర్లించాడు. ఆ వెనకే ఇంకొకడు. ఆ వెనక ఇద్దరు. వారం తిరిగేసరికి దారికి ఏ వైపు చూసినా సిరిమానే వస్తున్నాడు, సిరిమానే వెళ్తున్నాడు.

శుక్రవారం పొద్దున గవుసు షెడ్డుకొచ్చాడు. బండి మంగలి కొట్టు దగ్గరే ఆపి, అక్కణ్ణుంచి కుంటుకుంటూ వచ్చాడు. జెర్సీ లోపల చెమట పట్టి ఉంది.

“తాతా, వచ్చే ఆటకి సంఘం తరఫున రెండు వందలమందిమి స్టేడియంలోకి ఇలాగే నడుస్తాం. మీరు చూసి చెప్తే బాగుంటుంది. సరిగ్గా వస్తోందా?”

కరీబా స్పానరు పక్కన పెట్టాడు. బల్ల మీద సర్దుకుని కూర్చున్నాడు.

“రాలేదు. బండి దగ్గర్నుంచి మళ్ళీ రా.”

గవుసు వెనక్కెళ్ళి మళ్ళీ వచ్చాడు.

“తొందరపడుతున్నావు. నీకు పనేం లేదు. గోడ మెత్తడం అయిపోయింది. టీకి వస్తున్నావు. మళ్ళీ రా.”

గవుసు మళ్ళీ వెళ్ళాడు. ఎండ ఎక్కుతోంది. దారిన పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు. ఐదోసారికి అతని కాలు నిజంగానే నొప్పెట్టి, నడక చక్కగా కుదిరింది.

“బాగానే వస్తోంది కదా,” అన్నాడు బురామా మెల్లిగా, టీ వంచుతూ. “అధ్యక్షుణ్ణి పట్టుకుని ఎందుకలా తిప్పుతావు?”

కరీబా కళ్ళు దారి మీదే ఉన్నాయి.

“మళ్ళీ రా,” అన్నాడు గవుసుతో.